ఆకుపసరులోని రంగుల్ని విడదీసిన త్స్వెట్.. బతికుండగా పెద్దలు నమ్మలేదు!

మాత్రలో మందు ఎంతుంది? కూరగాయల్లో పురుగుమందు మిగిలిందా? ల్యాబ్‌లో ఇలాంటివి తేల్చడానికి ఎక్కువగా వాడేది క్రోమటోగ్రఫీ. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో చేరే కుర్రాళ్లలో దీని పేరు విననివాళ్లు ఉండరు. కానీ దీన్ని కనిపెట్టింది కెమిస్ట్ కాదు.. మొక్కల శాస్త్రవేత్త. ఆయనే మిఖాయిల్ త్స్వెట్. రష్యన్‌లో త్స్వెట్ అంటే రంగు!

డాక్టరేట్ ఉన్నా మళ్లీ చదువు
1872 మే 14న ఇటలీలోని ఆస్టి పట్టణంలో పుట్టారు. తండ్రి రష్యన్, తల్లి ఇటాలియన్. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి కన్నుమూసింది. స్విట్జర్లాండ్‌లో పెరిగి, 1896లో జెనీవా యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. రష్యాకు వెళ్తే ఆ పట్టా చెల్లలేదు. మళ్లీ చదివి 1901లో కజాన్‌లో మాస్టర్స్ పూర్తిచేశారు. ఆ తర్వాత మకాం వార్సాకు మారింది.

ఆకు దగ్గరే దొరికిన క్లూ
పత్రహరితం పెట్రోలియం ఈథర్‌లో కరుగుతుంది. కానీ ఆకును నేరుగా అందులో వేస్తే ఆకుపచ్చ రంగు దిగదు. కాస్త ఆల్కహాల్ కలిపితే దిగుతుంది. ఎందుకిలా? ఆకు కణజాలమే రంగుల్ని పట్టి ఉంచుతోందని త్స్వెట్ గ్రహించారు. అలా పట్టుకునే పొడి దొరికితే రంగుల్ని విడదీయొచ్చని వందకు పైగా పొడుల్ని పరీక్షించారు. 1903 మార్చిలో వార్సాలో ఫలితాలు వినిపించారు.

గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి పైనుంచి ఆకుపసరు, ఆపై సాల్వెంట్ పోశారు. పొడి గట్టిగా పట్టుకున్న రంగు పైనే ఆగింది, పట్టు తక్కువున్నది ముందుగా కిందికి జారింది. ఆకుపచ్చ, పసుపు పట్టీలు వేరువేరుగా కనిపించాయి. పత్రహరితం ఒకటి కాదు, రెండు రకాలని తేలింది. 1906లో ఈ పద్ధతికి క్రోమటోగ్రఫీ అని పేరుపెట్టారు.

నోబెల్ వేరేవాళ్లకు
పొడికి తగిలి పత్రహరితం మారిపోతోందేమోనని జర్మన్ కెమిస్ట్ రిచర్డ్ విల్‌స్టాటర్ లాంటి పెద్దలు అనుమానించారు. పత్రహరితంపై పరిశోధనకు 1915 నోబెల్ విల్‌స్టాటర్‌కే దక్కింది. అదే ఏడాది యుద్ధం వల్ల త్స్వెట్ వార్సా వదలాల్సి వచ్చింది. ఊళ్లు మారుతూ, ఆరోగ్యం పాడై, 1919 జూన్ 26న వొరోనెజ్‌లో 47 ఏళ్లకే కన్నుమూశారు. 1931లో ఆయన పద్ధతికి మళ్లీ ప్రాణం పోసింది ఎవరో తెలుసా? విల్‌స్టాటర్ శిష్యుడు రిచర్డ్ కూన్ ల్యాబే!

కొత్తగా నేర్చుకునేవాళ్లకు
త్స్వెట్ దారే ఇప్పటికీ మొదటి పాఠం. మెషీన్ తర్వాత.. ముందు పదార్థం స్వభావం చూడాలి. చెడిపోకుండా తేలిగ్గా ఆవిరైతే గ్యాస్ క్రోమటోగ్రఫీ. ఆవిరి కాకపోయినా, వేడికి పాడైనా హెచ్‌పీఎల్‌సీ. శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో తక్కువ ఖర్చుతో చూడాలంటే టీఎల్‌సీ ప్లేటు చాలు. ఎంత ఉందో కచ్చితంగా చెప్పాలంటే మాత్రం, తెలిసిన మోతాదు ఉన్న స్టాండర్డ్‌ను అదే పద్ధతిలో నడిపి పోల్చాల్సిందే.

మరొకటి మరిచిపోవద్దు. ఎంచుకున్న పద్ధతి వల్ల పదార్థమే మారిపోతే వచ్చే లెక్క తప్పవుతుంది. ఆనాడు పెద్దలు త్స్వెట్‌ను అడిగిందీ అదే. ప్రశ్న సరైనదే.. కానీ సుద్దపొడిని అంత వెతికి ఎంచుకున్న మనిషి దగ్గర దానికి జవాబు అప్పటికే ఉంది.