పింజారి గొంతు, జంగం బుర్ర: షేక్ నాజర్ జీవితం

షేక్ నాజర్‌ను అందరూ బుర్రకథ పితామహుడు అంటారు. ఆయన జీవిత కథ మాత్రం ‘పింజారి’ అనే పేరుతో వచ్చింది. అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన పుస్తకం అది. బిరుదు ఒకవైపు, తిట్టు ఒకవైపు. పింజారి అనే మాట వృత్తి పేరుగా కంటే తిట్టుగానే మన ఊళ్లలో ఎక్కువ వినబడుతుంది. తెలుగునాట లక్షల మంది చెవుల్లో మోగిన గొంతు ఆ తిట్టును అట్టమీద పెట్టుకుని నిలబడింది. ఆయన గురించి ఎక్కడ మొదలుపెట్టాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని మేము అనుకుంటున్నాం.

పింజారులు, దూదేకులవారు, నూర్‌బాషాలు, లద్దాఫులు. ఏ పేరుతో పిలిచినా పత్తి ఏకే కులం. నరం బిగించిన పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, దూది ఏకి, పరుపులు దిండ్లు కుట్టి బతికినవాళ్లు. మతం ఇస్లాం, ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ మాట్లాడే ముస్లింలకు వీళ్లు తక్కువ, హిందూ అగ్రకులాలకు మరీ తక్కువ. ప్రభుత్వ జాబితాలో బీసీ-బీ. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపువాళ్లకు ఈ కులాన్ని పరిచయం చేయక్కర్లేదు. పీర్ల పండుగలోనూ తిరునాళ్లలోనూ కనిపించేవాళ్లే వీళ్లు. ముస్లిం ఇళ్లలో పుట్టి గుడి వాకిట్లో సన్నాయి ఊదిన కళాకారులూ ఈ ప్రాంతాల్లో తక్కువేం కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడై శ్రీరంగం దాకా వెళ్లారు. సంగీతం వీళ్లను గుడి దాకా రానిస్తుంది. సంగీతం అయిపోయాక ఎవరి అరుగు వాళ్లదే.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో అలాంటి ఒక బీద ఇంట్లో పుట్టారు. గొంతు బాగుందని చిన్నప్పుడే నాటకాల్లోకి తీసుకున్నారు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కని రోజులు కాబట్టి గొంతూ రూపూ ఉన్న మగపిల్లలకు స్త్రీ పాత్రలు దక్కేవి. నాజర్ కూడా ఆ దారిలోనే నటన నేర్చుకున్నారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర కర్ణాటక సంగీతం, హార్మోనియం అబ్బాయి. బడి చదువు పెద్దగా సాగలేదు. రాగాల చదువు మాత్రం గట్టిగా సాగింది. పేద ఇంటి పిల్లాడికి సంగీతం సరదా విషయం కాదు, అది పూట గడిచే దారి. ఆ దారి కూడా ఎవరో ఒకరు దయ తలిస్తేనే తెరుచుకునేది.

ఆయన జీవితం మలుపు తిరిగింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కమ్యూనిస్టులు రైతుకూలీల మధ్యకు వెళ్లడానికి చదువురాని జనానికి అందే కళ కోసం వెతుకుతున్నారు. పత్రిక అందరూ చదవలేరు, నాటకానికి తెరలూ దీపాలూ కావాలి. జంగం కథకు మాత్రం ముగ్గురు మనుషులు చాలు. కథకుడి భుజాన తంబుర, బొటనవేలికి అందె, కాలికి గజ్జె. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని ఇద్దరు వంతలు. ఆ పాత జంగం కథే కొత్త చొక్కా తొడుక్కుని బుర్రకథ అయింది. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం చెబుతాడు. ఈ రాజకీయ వంతే అసలైన మార్పు. కథ నూరేళ్ల కిందటిదైనా, ఊళ్లో నిన్న జరిగిన వడ్డీ దోపిడీ గురించి మధ్యలో అడిగేసే అవకాశం అతనిది. పోలీసులు నోట్‌బుక్కులు పట్టుకుని ముందు వరసలో కూర్చునేది అతని మాటల కోసమే.

1943లో ఆంధ్రలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. గరికపాటి రాజారావు దాన్ని నడిపిన ముఖ్యుల్లో ఒకరు. ఆ నీడలో నాజర్ కథకుడిగా ఎదిగారు. లక్షల మందిని చంపిన బెంగాల్ కరువు మీద ఆయన చెప్పిన కథ ఎక్కడో ఉన్న వంగదేశపు ఆకలిని ఇక్కడి జనానికి అర్థం చేయించింది. నిజానికి ఆకలి గురించి ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అప్పటికి కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు తరతరాలుగా కరువు చూసినవే. ఈ రెండూ 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడే ఇటు కలిశాయి. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా గుంతకల్లు పోయే రైలు దారి పల్నాటినీ నల్లమల అంచునీ కలిపి కుట్టిన దారం. కథలూ కథకులూ తిరిగిన నేల ఇది.

నాజర్ ఏం కొత్త చేశారంటే, కళ మొత్తాన్నీ ఒక్క ఒంట్లోకి తెచ్చుకున్నారు. అంతకుముందు జంగం కథలో వరస ఉంది, తాళం ఉంది, అడుగు ఉంది. ఆయన దానికి రాగాల పట్టు, నాటకంలో నేర్చిన అభినయం, పాత్రకో గొంతు జోడించారు. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తుంటే తల్లీ ఆయనే, భార్యా ఆయనే, కత్తి పట్టిన కుర్రవాడూ ఆయనే. చిన్నప్పుడు వేసిన ఆడవేషాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. మైకు లేని చోట చివరి వరస దాకా మాట తెలియాలి, ఉచ్చారణ చెడకూడదు. శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లు తల ఊపాలి, తెలియనివాళ్లు ఏడవాలి. ఈ రెండూ ఒకేసారి చేయగలిగిన గాయకులు ఏ కాలంలోనైనా కొద్దిమందే. రాయడం కూడా ఆయనకు తెలుసు. ‘ఆసామి’ అనే నాటకం ఆయన రాసిందే.

ఆయన పేరు చెబితే మొదట గుర్తొచ్చే కథ ‘పల్నాటి యుద్ధం’. పరిశోధకులుగా మమ్మల్ని ఎక్కువగా పట్టి ఆపేదీ అదే. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులాలను ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును పెద్దకొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడని ఆ కథ చెబుతుంది. మాచర్ల చెన్నకేశవుడు ఆ కథలో దేవుడు. మార్కాపురంలో కొలువున్నదీ చెన్నకేశవుడే. ఈ కథ ఎవరిది? శ్రీనాథుడి పేరు మీద ఒక కావ్యం ఉంది, సినిమాలు ఉన్నాయి, నాజర్ బుర్రకథ ఉంది. వీటికి పక్కన, పల్నాటిలో వీరుల కథను కొలుపుగా, వంశపారంపర్యంగా పాడుతూ వచ్చినవాళ్లు వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1970లలో ఈ కథను రికార్డు చేసింది ఆ విద్యావంతుల్లో ఒకరైన అలిశెట్టి గాలెయ్య నోటి నుంచే. 1982లో అది ఇంగ్లీషు పుస్తకంగా అచ్చయింది. కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లలో ఇప్పటికీ ఆ పాట బతికే ఉంది.

అంటే మాలలు పూజగా పాడుకున్న కథనే ఒక పింజారి సభగా మార్చారు. ఆ కథను నిలబెట్టినవి ఈ రెండు గొంతులూ. కానీ పాఠ్యపుస్తకాల్లో శ్రీనాథుడికి ఒక పేరా దొరికితే, నాజర్‌కు ఒక వాక్యం దొరుకుతుంది. విద్యావంతుల పేరు చాలాచోట్ల కనబడదు.

స్వాతంత్ర్యం వచ్చాక కథ సాఫీగా సాగలేదు. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టుల మీద అణచివేత పెరిగింది. ‘మా భూమి’ నాటకం నిషేధానికి గురైంది. ప్రజానాట్యమండలి కళాకారుల్లో కొందరు జైళ్లలో, కొందరు అజ్ఞాతంలో, కొందరు సినిమాల్లో తేలారు. అదే కాలంలో అమెరికాలో నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును ప్రభుత్వం 1950లో లాక్కుంది. తిరిగి ఇచ్చేసరికి 1958 వచ్చింది. పాటకు భయపడటంలో ఏ ప్రభుత్వానికీ తేడా లేదు. తర్వాత ఇక్కడి ప్రభుత్వమే కుటుంబ నియంత్రణకూ పంచవర్ష ప్రణాళికలకూ బుర్రకథనే వాడుకుంది. రాజకీయ వంత నోట్లో ప్రశ్న బదులు పథకం పెట్టారు. కళ బతికింది. ఏ పని కోసం అది పుట్టిందో ఆ పని మాత్రం పలచబడింది.

సినిమా నాజర్‌ను ఊళ్లు దాటించింది. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’లో, ఎన్టీ రామారావు, భానుమతి నటించిన ఆ చిత్రంలో, అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది ఆయన బృందమే. ఆయన్ను నేరుగా ఎన్నడూ చూడనివాళ్లకు ఆ కొద్ది నిమిషాలే ఆయన ముఖం. రేడియో కూడా ఆయన గొంతును పంచింది. డబ్బు మాత్రం అదే స్థాయిలో రాలేదు. కళాకారుడికి చప్పట్లు ఎక్కువ, జీతం తక్కువ అనే పాత లెక్క ఆయన విషయంలోనూ మారలేదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి చెప్పాలి. అమెరికాలో ‘హౌండ్ డాగ్’ పాటను నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేశారు. 1956లో అదే పాటతో ఎల్విస్ ప్రెస్లీ ప్రపంచమంతా మోగాడు. ఆ పోలికను నాజర్ మీద యథాతథంగా రుద్దడం అన్యాయం. ఆయన ఎల్విస్ లాంటి తెల్లవాడు కాడు, తానే తిట్టుపేరు మోసినవాడు. అయినా జంగం కథను తరతరాలుగా మోసిన బుడగ జంగాల పేరు ఆ కళ చరిత్రలో ఒక పుట్టుమచ్చలా మిగిలింది. ఒక కళకు పితామహుణ్ణి ప్రకటించడమంటే దానికి అంతకుముందు తండ్రులు లేరని చెప్పడం. ఆ బిరుదు నాజర్ అడిగి తీసుకున్నది కాదు. ఇచ్చినవాళ్లే ఆలోచించి ఉండాల్సింది.

ఈ సంగతి మర్యాదల దగ్గర ఆగలేదు, చట్టం దాకా వచ్చింది. 1976 చట్టంతో బుడగ జంగాలకు ఆంధ్రప్రదేశ్ అంతటా ఎస్సీ హోదా వర్తించింది. 2002 సవరణ చట్టం, 2003 నాటి పదో నంబరు చట్టం, ఆ హోదాను తెలంగాణలోని పది జిల్లాలకే కుదించింది. కోస్తా, రాయలసీమ కుటుంబాలకు ధ్రువపత్రాలు ఆగిపోయాయి. ధ్రువపత్రం ఆగితే పిల్లల స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు, రిజర్వేషన్ ఉద్యోగం అన్నీ ఆగుతాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణ కూడా ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. పశ్చిమ ప్రకాశంలో ఇళ్ల ముందు కథ చెప్పి గింజలు అడుక్కున్న తాతల మనవలు దీనికోసం తహశీల్దారు కార్యాలయాల ముందు ధర్నాలు చేయాల్సిన పరిస్థితి ఇలా వచ్చింది. ఒక ఊరేగింపులో బుర్రకథ బృందాన్ని ముందు నడిపించే ప్రభుత్వమే, ఆ తంబుర పట్టిన చేతికి కులం కాగితం ఇవ్వడానికి జిల్లా సరిహద్దు అడుగుతుంది.

నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. టెలివిజన్ పల్లెల్లోకి వచ్చేసింది, రాత్రంతా కూర్చుని కథ వినే తీరిక తగ్గింది. కొత్తవాళ్లకు నేర్పుతూ, పిలిచినచోటికి వెళ్తూ ఆయన చివరి రోజులు గడిపారు. 1997 ఫిబ్రవరిలో, 77 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆయన శిష్యుల శిష్యులు ఇంకా కథలు చెబుతున్నారు. దసరాకు, శ్రీరామనవమికి, పార్టీల సభలకు, ఎన్నికల ప్రచారానికి పిలుపులు వస్తాయి. ఇప్పుడు స్త్రీల బృందాలు ఎక్కువ. వాళ్లలో దళిత, బీసీ స్త్రీలు చాలామంది ఉన్నారు. రాత్రి కథ ముగిశాక ఆ స్త్రీలు ఊరికి తిరిగి వెళ్లడానికి బస్సు ఉంటుందా అన్నది పిలిచినవాళ్లలో ఎంతమంది ఆలోచిస్తున్నారో అడిగి చూడండి.