భయాన్ని నడిరోడ్డు మీద నిలదీసిన అయ్యంకాళి

1893లో తిరువాన్కూర్ సంస్థానంలోని వెంగానూరులో ఓ పులయ యువకుడు ఎద్దుల బండి కొన్నారు. తెల్లటి పంచె కట్టి, పైన కండువా వేసుకుని, తలపాగా చుట్టి, అందరూ తిరిగే దారిలో పట్టపగలు ఆ బండి మీద ప్రయాణం చేశారు. ఇందులో తప్పేముందని ఇవాళ మనకు అనిపిస్తుంది. ఆనాటి కుల కట్టుబాట్ల లెక్కలో మాత్రం అది ఒక నేరం కాదు, నాలుగు నేరాలు. పులయలు ఆ దారిన నడవకూడదు. బండి ఎక్కకూడదు. నడుం పైన, మోకాలి కింద బట్ట కట్టకూడదు. తలకు పాగా చుట్టకూడదు. ఆ నాలుగింటినీ ఒకే రోజు ధిక్కరించిన ఆ యువకుడే అయ్యంకాళి.

ఆయన పటానికి దండ వేసి, గొప్ప ధైర్యవంతుడని ఒక్క మాట అనేసి మనం ఊరుకుంటాం. అలా అంటే ధైర్యం పుట్టుకతో కొందరికే వస్తుందని, భయపడేవాళ్లు పిరికివాళ్లని ఒప్పుకున్నట్టే అవుతుంది. అయ్యంకాళి జీవితం అలా చెప్పదు. మన భయం మన గుండెలో పుట్టింది కాదనీ, దాన్ని ఎవరో పథకం ప్రకారం పెంచి పోషిస్తారనీ, దాని వేళ్లు ఎక్కడున్నాయో చూసి పెకలించాలనీ చెబుతుంది.

అయ్యంకాళి 1863 ఆగస్టు 28న అయ్యన్, మాల దంపతులకు పుట్టారు. తిరువాన్కూర్‌లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1855లో. అంటే ఆయన పుట్టేనాటికి చట్టం దృష్టిలో పులయలు బానిసలు కారు. కానీ పొలం దొరది, కూలి దొర దయ, దారి దొరది. ఎదురుగా అగ్రకులస్తుడు వస్తే పక్కకు తప్పుకుని దూరంగా నిలబడాలి. ఎప్పుడు తప్పుకోవాలో, ఎంత దూరం తప్పుకోవాలో తల్లిదండ్రులే పిల్లలకు నేర్పేవాళ్లు, దెబ్బలు తప్పించడానికి. చట్టం పోయినా భయం ఇలాగే మిగిలింది. ప్రేమతో నేర్పిన జాగ్రత్తే తరం నుంచి తరానికి బానిసత్వాన్ని మోసుకొచ్చింది.

ఇంకో సంగతి కూడా మనం గమనించాలి. అయ్యంకాళి తండ్రికి కొంత సొంత భూమి ఉండేది. ఆ ఇంటి పొయ్యి వెలగడానికి రోజూ దొర గుమ్మం ముందు నిలబడాల్సిన పని లేదు. బండి కొనగలిగిందీ, దాన్ని రోడ్డెక్కించగలిగిందీ ఆ ఆసరాతోనే. దీనివల్ల ఆయన సాహసం విలువ తగ్గదు. భయం వేళ్లలో ఒకటి ఆకలిలో ఉందని మాత్రం తెలుస్తుంది.

ఆయన ఒంటరిగానూ పోరాడలేదు. తోటి యువకుల్ని కూడగట్టారు. వాళ్లు కుస్తీ, కర్రసాము నేర్చారు. దెబ్బ పడుతుందని తెలిసే, దానికి సిద్ధపడే కదిలారు. 1898లో బలరామపురం దగ్గర అందరి దారిలో నడుస్తుంటే అగ్రకులస్తులు దాడి చేశారు. అయ్యంకాళి మనుషులు తిరగబడ్డారు. రెండు వైపులా రక్తం కారింది. ఆ కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. అక్కడి దళితులూ నిషేధించిన దారుల్లో నడవడం మొదలుపెట్టారు. ఒక్కడు నడిస్తే ఏం జరుగుతుందోనన్న భయం, పదిమంది నడిచేసరికి ఎదుటివాడికి పట్టుకుంది.

దారి తర్వాత బడి. 1904లో వెంగానూరులో తమ పిల్లల కోసం ఓ పాక వేసి బడి పెడితే దాన్ని తగలబెట్టారు. మళ్లీ కట్టారు. 1907లో అయ్యంకాళి సాధుజన పరిపాలన సంఘం స్థాపించారు. సర్కారు బడుల్లో దళిత పిల్లల్ని చేర్చుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినా, బడి గుమ్మం దగ్గర అది చెల్లలేదు. ఊరూట్టంబలంలో పంచమి అనే చిన్నపిల్లను అయ్యంకాళి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళితే, అగ్రకులస్తులు ఆ బడికే నిప్పు పెట్టారు. ఓ దళిత పాప పక్కన కూర్చోవడం కన్నా బడి బూడిదవడమే వాళ్లకు నయమనిపించింది. అప్పుడు సగం కాలిన బల్లను ఆ బడిలో ఈనాటికీ దాచి ఉంచారు. ఎవరు ఎవరికి భయపడ్డారో ఆ బల్ల చూస్తే తెలుస్తుంది.

మా పిల్లలకు చదువు లేకపోతే మీ పొలాల్లో పని లేదంటూ వ్యవసాయ కూలీలు సమ్మెకు దిగారు. వాళ్లను ఆకలే లొంగదీస్తుందని భూస్వాములు కాచుకున్నారు. సమ్మె దాదాపు ఏడాది సాగింది. ఈసారి ఆకలి భయానికి ముందే విరుగుడు వెతికారు. అయ్యంకాళి మత్స్యకారులతో మాట్లాడారు. వాళ్లు సమ్మె కూలీలను తమ పడవల్లో పనికి తీసుకెళ్లారు. పొలాలు బీడుపడ్డాయి. చివరికి ప్రభుత్వం కలగజేసుకుని రాజీ కుదర్చక తప్పలేదు. ధైర్యం చెప్పే మాటలతో పాటు పొయ్యి మీదికి గింజలు కూడా ఉండాలని ఆ ఏడాది నిరూపించింది.

1915లో కొల్లం ప్రాంతంలో మరో పోరు జరిగింది. పులయ స్త్రీలు రవిక తొడగకూడదు. మెడలో రాతిపూసల దండలు వేసుకోవాలి. అవి కులం తెలియజెప్పే గుర్తులు. వాటిని తీసేయాలని పిలుపు రాగానే పెరినాడులో దళితుల సభ మీద దాడి జరిగింది. గుడిసెలు తగలబడ్డాయి. ఆ తర్వాత కొల్లంలో ఓ సర్కస్ గుడారంలో సభ పెట్టారు. అయ్యంకాళి పిలుపుతో స్త్రీలు మెడలోని దండలు తెంచి కుప్ప పోశారు. మెడకు వేలాడే భయాన్ని ప్రతి మనిషీ తన చేత్తో తనే తెంచుకోవాలి. కానీ నలుగురి మధ్య, నలుగురితో కలిసి తెంచుకోవాలి.

అయ్యంకాళికి చదువు రాదు. అయినా శ్రీమూలం ప్రజాసభకు నియమితుడై, 1912 నుంచి భూమి కోసం, బడి కోసం రాజు ఉద్యోగుల ముందు నిలబడి మాట్లాడారు. 1937లో గాంధీ వెంగానూరు వచ్చినప్పుడు తన జనంలో పదిమంది బీఏ పాసైనవాళ్లను చూడాలన్నదే తన కోరికని చెప్పారు. 1941 జూన్ 18న కన్నుమూశారు.

ఆయన పోరాటమంతా రోజువారీ పనుల చుట్టూనే తిరిగింది: నడవడం, బట్ట కట్టడం, బడికి వెళ్లడం. మన దగ్గరా అంతే. 1985లో కారంచేడు ఊచకోతకు దారితీసిన గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో మొదలైంది. ఇవాళ కూడా పెళ్లి ఊరేగింపు ఏ వీధిన పోవాలి, హాస్టల్లో ఇంటిపేరు అడిగితే ఏం చెప్పాలి, ఆఫీసులో కులం పేరుతో వేసిన జోకుకు నవ్వాలా వద్దా అన్న చోటే భయం మన గొంతు పట్టుకుంటోంది.

అలా గొంతు పట్టుకున్నప్పుడు మనల్ని మనం తిట్టుకోవద్దు. ఈ భయం వల్ల ఎవరికి లాభమో అడుగుదాం. ఎదురు తిరిగితే మన కూలి, మన అద్దె ఇల్లు, మన మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో లెక్క వేద్దాం. అవి పోతే మనిషిని ఆదుకునే ఏర్పాటు ముందే చేసుకుందాం. ఆ తర్వాత బండి కడదాం. ఒక్కరిని పంపి చూస్తూ కూర్చోకుండా, అందరం ఎక్కుదాం.