జాన్ మోసెస్ బ్రౌనింగ్

జాన్ మోసెస్ బ్రౌనింగ్ (జనవరి 23, 1855 - నవంబరు 26, 1926) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ తుపాకుల రూపకర్త. ఇతని పేరున 128 పేటెంట్లు ఉన్నాయి.

జీవితం

ఇతడు యూటా ప్రాంతంలోని ఆగ్డెన్‌లో జన్మించాడు. తుపాకులు చేసే తండ్రి జొనాథన్ కార్ఖానాలోనే పని నేర్చుకున్నాడు. 1883 నుండి ఇతని నమూనాలను వించెస్టర్ సంస్థ కొనుగోలు చేసింది. 1897 నాటి పంపు షాట్‌గన్ వాటిలో ఒకటి.

ఆటో-5

ఈ స్వయంచాలక షాట్‌గన్‌కు బ్రౌనింగ్ రాయల్టీ కోరగా వించెస్టర్ అంగీకరించలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధ్యక్షుని కోసం కార్యాలయంలో వేచియుండగానే ఆ అధ్యక్షుడు గుండెపోటుతో మరణించాడు. చివరకు బెల్జియంలోని ఎఫ్.ఎన్. సంస్థ తయారీకి పూనుకొన్నది.

సంరక్షణ

పేల్చినపుడు దీని గొట్టము, బోల్టు కలిసి వెనుకకు జరుగుతాయి. ఆ వేగాన్ని తూటాల గొట్టంపై ఉన్న కంచు బిగింపు, ఉక్కు రింగు రాపిడితో అణచుతాయి. బలమైన తూటాలకు రింగు స్ప్రింగుకూ కంచు బిగింపుకూ మధ్య ఉండాలి. తేలికవాటికి దానిని స్ప్రింగు వెనుకకు మార్చాలి. నూనె ఎంత పూస్తే అంత మేలనే అభిప్రాయం ఇక్కడ చెల్లదు. తూటాల గొట్టంపై నూనె ఎక్కువైతే రాపిడి తగ్గి, దెబ్బ తీవ్రమై ముందరి చెక్క పగులుతుంది. త్రుప్పు పడితే ఖాళీ తూటా బయటకు రాదు. కనుక పలుచని నూనె పూత చాలు.

ఆ కాలపు తూటాలలోని రంజకం పేలిన తరువాత గొట్టంలో లవణాలు మిగిల్చేది. అవి నూనెలో కరగవు. అందువలన మొదట వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తరువాతనే నూనె పూసేవారు.

మరణం

లియేజ్ సమీపాన ఎఫ్.ఎన్. కర్మాగారంలో పనిచేస్తుండగా గుండెపోటుతో మరణించాడు. ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలున్న ఇతని చివరి షాట్‌గన్‌ను కుమారుడు వాల్ పూర్తిచేయగా, అది 1931లో విక్రయానికి వచ్చింది.