ఏనుగుల వీరాస్వామయ్య

ఏనుగుల వీరాస్వామయ్య (సుమారు 1780 - 1836) కాశీయాత్ర చరిత్ర అనే గ్రంథానికి కర్త. తెలుగులో యాత్రాచరిత్రలు వ్రాసిన తొలి రచయితలలో ముఖ్యుడు. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా, అనగా హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా ఉద్యోగం చేసాడు. 1830 మే 18న పరివారంతో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఈ పదిహేనున్నర నెలల కాలంలో తాను చూసినవి, విన్నవి, ఆలోచించినవి ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టాడు. నేటి నంద్యాల జిల్లాలోని అహోబిలం, మహానంది, శ్రీశైల క్షేత్రాలు రెండు వందల ఏళ్ళ క్రితం ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఈ గ్రంథం ఒక ముఖ్య ఆధారం.

జీవిత విశేషాలు

వీరాస్వామయ్య చెన్నపట్టణంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి మరణించాడు. కుటుంబ భారం మీద పడడంతో చిన్న వయసులోనే కంపెనీ కచేరీలలో పనికి కుదిరాడు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, సంస్కృతం నేర్చాడు. క్రమంగా సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవికి చేరుకున్నాడు.

ఈ ఉద్యోగం స్వరూపం తెలిస్తే ఇతని రచన స్వరూపం కూడా తెలుస్తుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆంగ్లేయులు. వాది ప్రతివాదులు, సాక్షులు తెలుగువారో తమిళులో హిందూస్తానీ మాట్లాడే ముసల్మానులో అయ్యేవారు. సాక్షి చెప్పిన మాటను కలపకుండా, విడవకుండా మరొక భాషలో చెప్పడం దుబాసీ పని. ఒక్క మాట తేడా వస్తే ఒకరి ఆస్తి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అనేక సంవత్సరాలు ఆ పని చేసిన మనిషి కనుకనే తన యాత్రలో కూడా కంటికి కనిపించినదాన్ని, చెవికి వినిపించినదాన్ని వేరువేరుగా ఉంచగలిగాడు. స్థల మహిమను స్థల మహిమగా చెప్పాడు, గోడ కూలి ఉంటే కూలిందనే వ్రాసాడు.

యాత్రకు బయలుదేరేనాటికి ఇతని వయసు ఏబది దగ్గర. కోర్టు నుండి సెలవు తీసుకున్నాడు. సుమారు నూరుమంది పరివారం వెంట నడిచింది. ఆ కాలానికి దేశంలో రైలు లేదు. బోయీలు మోసే సవారీలు, సామాను మోసే కావళ్ళు, బండ్లు, గుడారాలు, దారిలో తపాలా, ఇవే సాధనాలు. తీర్థయాత్రకు పోయినవారు తిరిగి వస్తారన్న నమ్మకం ఆనాడు ఎవరికీ లేదు. అడవి జ్వరాలు, వాంతిభేది, దొంగల భయం, వరద నదులు అన్నీ దారిలోనే ఉండేవి. అందువల్ల ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ ఊరిలో సరుకులు దొరుకుతాయి అన్న వివరాలకు ఈ గ్రంథంలో అంత చోటు దొరికింది. ఇవి చదువరికి విసుగు పుట్టించవచ్చు గాని, నూరుమంది క్షేమం వాటి మీదనే ఆధారపడి ఉండేది.

నల్లమల క్షేత్రాలు

తిరుపతి, కడప దాటిన తరువాత యాత్ర నల్లమల కొండల వారగా సాగింది. అది వేసవి ముగిసే కాలం. ఆనాడు కడప సీమ కుంఫిణీవారి పాలనలో ఉండేది. సిరివెళ్ల, నంద్యాల, నందికొట్కూరు, రామళ్లకోట ప్రాంతాలు కందనూరు నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలుబడిలో ఉండేవి. కందనూరు అంటే నేటి కర్నూలు. ఆ విధంగా అహోబిలం నాటికే వీరాస్వామయ్య ఒక ప్రభుత్వపు హద్దు దాటి మరొక ప్రభుత్వంలో అడుగుపెట్టాడు. నవాబు రాజ్యాన్ని ఆంగ్లేయులు 1839లో స్వాధీనం చేసుకున్నారు. అంటే ఇతడు చూసినది ఆ రాజ్యపు చివరి దశాబ్దం.

నేటి ఆళ్లగడ్డ మండలంలో ఉన్న అహోబిలం నూటయెనిమిది వైష్ణవ దివ్యదేశాలలో ఒకటి, నవ నారసింహ క్షేత్రం, అహోబిల మఠానికి మూలస్థానం. వీరాస్వామయ్య వెళ్ళేనాటికి ఇది గొప్ప అరణ్యం నడుమ ఉండేది. దిగువ అహోబిలంలో దిగి, కొండదారిన ఎగువ అహోబిలానికి వెళ్ళవలసి వచ్చేది. ఇక్కడి నీళ్ళు ఆరోగ్యానికి మంచివి కావని హెచ్చరించాడు. యాత్రికుల వద్ద హాశ్శీలు, అనగా పన్ను, వసూలు చేసే ప్రభుత్వం ఆలయాల మరమ్మతు మాత్రం పట్టించుకోవడం లేదని అతనికి బాధ కలిగింది. ఈ బాధ శ్రీశైలంలో ఇంకా పెరిగింది. భక్తితో వెళ్ళినవాడు ఆ రాతలో లెక్క అడిగేవాడుగా కనిపిస్తాడు. అయితే ఇది కేవలం మతద్వేషం కాదని గమనించాలి. ప్రయాగ, గయ, జగన్నాథ క్షేత్రాలలో ఆ రోజుల్లో కుంఫిణీవారు కూడా యాత్రికుల పన్ను వసూలు చేసేవారు. 1840లో చట్టం చేసి దానిని రద్దు చేసారు. తాను నౌకరీ చేసే ప్రభుత్వం వసూలు చేసే ఆ పన్నుల సంగతిని కూడా వీరాస్వామయ్య విడిచిపెట్టలేదు.

అహోబిలం తరువాత మహానంది. నంద్యాల చుట్టూ ఉన్న తొమ్మిది నంది క్షేత్రాలలో ఇది ప్రధానమైనది. కొండ అడుగున, ఆలయ ప్రాంగణంలో ఏడాది పొడుగునా ఊరే నీటి ఊట, దాని కోసం కట్టిన గుండం ఇక్కడి విశేషం. అడుగున ఉన్న వస్తువు కూడా కనిపించేంత తేట నీరు అది. ఎండలో రోజుల తరబడి నడిచి వచ్చిన పరివారానికి ఈ గుండం ఎటువంటి సేద తీర్చిందో ఊహించవచ్చు. అహోబిలపు నీటిని నిందించిన కలమే ఇక్కడి నీటిని మెచ్చుకున్నది. ఈనాడు నంద్యాల పరిసరాలలో కనిపించే పచ్చని వరిమళ్ళలో ఎక్కువ భాగాన్ని ఇతడు చూసి ఉండడు. కర్నూలు - కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించినది 1860 దశకంలో. అంతకు ముందు మహానంది వంటి కొండ ఊటల క్రింద, చెరువుల క్రింద మాత్రమే వరి పండేది. మిగతాది వర్షాధారపు నల్లరేగడి.

అక్కడి నుండి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం దారి పట్టారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా వెళ్ళే ఈ పాత దారి చాలా కఠినమైనది. కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల లోయలు. మామూలుగా శివరాత్రికి జనం గుంపులుగా వెళ్ళే దారి అది. తక్కిన రోజుల్లో మృగభయం, దొంగల భయం ఉండేవి. ఈ అడవిలో చెంచులను చూసి వారి జీవనాన్ని గురించి వ్రాసాడు. అడవిలో బ్రతికే ప్రజలను గురించి ఒక తెలుగువాడు కళ్ళారా చూసి వచనంలో వ్రాసిన మొదటి వర్ణనలలో ఇది ఒకటి. శ్రీశైలంలో ఆలయ ప్రాకారాల మీది శిల్పాలను మెచ్చుకున్నాడు, శిథిలావస్థకు చింతించాడు.

వీరాస్వామయ్య ఈ యాత్ర చేసేనాటికి ఛాయాచిత్రం అనేది లోకానికి తెలియదు. డాగూరు తన పద్ధతిని పారిస్‌లో ప్రకటించినది 1839లో. అప్పటికి ఇతడు మరణించి మూడేళ్ళయింది. కనుక 1830 నాటి అహోబిలం, మహానంది, శ్రీశైలాలను చూడాలంటే మాటల ద్వారానే చూడాలి. ఆ మాటలు వ్రాసిపెట్టినవారు బహు కొద్దిమంది.

రచనా విధానం

కాశీయాత్ర చరిత్ర ఒకచోట కూర్చుని వ్రాసిన గ్రంథం కాదు. మజిలీలలో తీరిక దొరికినప్పుడు వ్రాసుకున్న దినచర్య, దానిని అనుసరించి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు తపాలాలో పంపిన లేఖలు దీనికి మూలం. శ్రీనివాస పిళ్ళె చెన్నపట్టణంలో ప్రముఖుడు, విద్యాభిమాని. దేశమంతా తిరిగి చూసే అవకాశం తనకు లేకపోయినా, ఈ లేఖల ద్వారా ఆయన కాశీ చూసాడు. ఈ మిత్రుని ఆసక్తి లేకపోతే బహుశా ఇంత వివరంగా వ్రాయవలసిన అవసరం వీరాస్వామయ్యకు కలిగేది కాదు.

గ్రంథంలో ముందుగా తేదీ, ఊరు, దూరం, దారి, దిగిన చోటు వస్తాయి. ఆ తరువాత ఆ ఊరి వృత్తాంతం, నాణెముల మారకం, ధరలు, సుంకాలు, భాష, ఆహారపు అలవాట్లు, స్త్రీల కట్టుబొట్టు వంటివి వస్తాయి. అప్పటికి దేశమంతటికీ ఒకే రూపాయి లేదు. కుంఫిణీవారు ఏకరూప నాణెం తెచ్చినది 1835లో. కనుక ఒక రాజ్యం దాటగానే చేతిలోని రూపాయికి విలువ మారిపోయేది.

ఈ వివరాల నడుమ హఠాత్తుగా ఆలోచనలు మొదలవుతాయి. సృష్టి ఎందుకు జరిగింది, దేవుడు ఒకడైతే మతాలు ఇన్ని ఎందుకు, కర్మకు ఫలమేమిటి, ఒక దేశంలో ఆచారమైనది మరొక దేశంలో అనాచారం ఎందుకు అవుతున్నది వంటి ప్రశ్నలు పుటల కొద్దీ సాగుతాయి. కోర్టు పనిలో ఇతరుల మాటలను అనువదించడమే గాని తన మాట చెప్పే వీలు లేని మనిషికి, సవారీలో గడిపే గంటలు ఆలోచించుకునే తీరికను ఇచ్చాయి. తెలుగుదేశపు బ్రాహ్మణుడికి వింతగా తోచే ఉత్తరాది బ్రాహ్మణుల భోజన నియమాలను చూసినప్పుడు కూడా అసహ్యించుకోవడం కంటే కారణం వెదకడానికే ప్రయత్నించాడు. ఆ కాలపు నమ్మకాలు, కుల భేదాల పట్టింపు ఇతనిలో లేకపోలేదు. వాటిని దాచడానికి ప్రయత్నించలేదు కూడా.

భాష విషయంలో ఈ గ్రంథం చాలా విలువైనది. పండితుడై కూడా వీరాస్వామయ్య కావ్యభాష జోలికి పోలేదు. చెన్నపట్టణంలో చదువుకున్నవారు మాట్లాడే తెలుగులో, హిందూస్తానీ, ఇంగ్లీషు, తమిళ పదాలు కలిసిన వాక్యాలలో వ్రాసాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం ప్రారంభించడానికి ఎనిమిది దశాబ్దాల పూర్వమే ఈ వచనం ఉంది.

కాశీ, తిరుగు ప్రయాణం

శ్రీశైలం తరువాత కృష్ణ దాటి నైజాం రాజ్యంలో ప్రవేశించి హైదరాబాదు, నిర్మల్, నాగపూరుల మీదుగా ఉత్తరానికి సాగి ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలను సేవించాడు. గంగ మీద పడవ ప్రయాణం చేసి కలకత్తా చేరాడు. అక్కడి నుండి జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా తీరం వెంబడి చెన్నపట్టణం వచ్చాడు. వెళ్ళేటప్పుడు దక్కను పీఠభూమి, వచ్చేటప్పుడు కోస్తా. ఈ విధంగా తెలుగువారు నివసించే నేల అంతా దాదాపు ఒకే యాత్రలో ఇతని కంట పడింది. ఆనాడు అది కుంఫిణీ, నైజాము, కందనూరు నవాబుల మధ్య చీలి ఉండేది.

చివరి సంవత్సరాలు

యాత్ర ముగిసిన మరుసటి సంవత్సరమే గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చినందువల్ల దీనిని నందన కరువు అని, డొక్కల కరువు అని పిలుస్తారు. వేలాది జనం కడుపు చేతబట్టుకుని ఉత్తరపు రస్తా వెంట చెన్నపట్టణానికి నడిచారు. దారిలోనే చాలామంది చనిపోయారు. పట్టణం చేరిన వారికి వీరాస్వామయ్య అన్నం పెట్టించాడు. ఏడాది క్రితం తాను సవారీలో వచ్చిన దారి అది. 1836లో చెన్నపట్టణంలో మరణించాడు. తన గ్రంథాన్ని అచ్చులో చూసుకోలేదు.

ముద్రణలు

మిత్రుని మరణం తరువాత శ్రీనివాస పిళ్ళె తన వద్ద ఉన్న వ్రాతలను కూర్చి, వీరాస్వామయ్య జీవిత సంగ్రహాన్ని చేర్చి, 1838లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఆ లేఖలు తడిసినా, చెదలు తిన్నా, పిళ్ళెవారి ఇంట్లో వాటిని లెక్కచేయకపోయినా ఈ చరిత్ర అంతా పోయి ఉండేదే. 1869లో రెండవ ముద్రణ వెలువడింది. తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా గ్రంథం ఎవరికీ దొరకని స్థితి ఏర్పడింది. చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకట శివరావు దీనిని పరిష్కరించి, వివరణలు వ్రాసి, 1941లో బెజవాడ నుండి మూడవ ముద్రణగా ప్రకటించాడు. నేటి పాఠకులకు తెలిసినది ఎక్కువగా ఈ ప్రతియే. పి. సీతాపతి, వి. పురుషోత్తం చేసిన ఆంగ్లానువాదం 1973లో హైదరాబాదు నుండి వెలువడింది. మూల గ్రంథం తెలుగు వికీసోర్సులో చదువుకోవచ్చు.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం నాలుగూ కొత్త జిల్లాలోనే చేరాయి. నాగలూటి మీదుగా శ్రీశైలం వెళ్ళే ఆ అడవిదారిలో ఈనాటికీ శివరాత్రికి, ఉగాదికి భక్తులు కాలినడకన వెళుతుంటారు.