ఈగల్ని తినే మొక్కలతో మేరీ ట్రీట్

మొక్క ముందు ఈగను పెట్టి, ఆకు ఎప్పుడు వంగుతుందా అని గడియారం చూస్తూ కూర్చున్న ఇల్లాలిని ఊహించుకోండి. ఇరుగుపొరుగు ఏమనుకుని ఉంటారో! వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఆమె పేరు తెలిసే ఉంటుంది. మేరీ ట్రీట్.

1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. 1863లో డాక్టర్ జోసెఫ్ ట్రీట్‌తో పెళ్లయింది. 1868లో ఇద్దరూ న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌కు వచ్చి స్థిరపడ్డారు. ఆ చుట్టుపక్కల పైన్ చెట్లు, ఇసుక నేల, నీరు నిలిచే చిత్తడి. అక్కడే ఆమెకు సన్‌డ్యూ మొక్కలు దొరికాయి.

సన్‌డ్యూ చాలా చిన్న మొక్క. ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసన మంచుబొట్టులాంటి జిగురు. తేనె అనుకుని వాలిన పురుగు అతుక్కుపోతుంది. నూగంతా వంగి దాన్ని చుట్టేస్తుంది. ఆ నేలలో నత్రజని తక్కువ, అందుకే మొక్క పురుగుల మీద పడింది. విదేశీ వింత అనుకోకండి. డ్రోసెరా ఇండికా, డ్రోసెరా బర్మానై అనే రెండు రకాలు మన తెలుగు నేల మీదా ఉన్నాయి. రెండోది రూపాయి బిళ్లంత ఉండి నేలకు అతుక్కుని పెరుగుతుంది. చూడకుండా తొక్కుకుంటూ పోతాం, అంతే.

మేరీ తొక్కుకుంటూ పోలేదు. ఆకుల మీద పచ్చి మాంసం ముక్కలు పెట్టింది. రెండు గంటలు తిరిగేసరికి రెండాకులు మాంసం కనపడకుండా ముడుచుకున్నాయి. పొడి సుద్ద, గులకరాళ్లు పెడితే రోజంతా కదలనే లేదు. ఏది తిండో, ఏది కాదో మొక్కకు తెలుసన్నమాట! గంటలు, నిమిషాలతో సహా అన్నీ రాసుకుని 1873లో అచ్చు వేయించింది.

అప్పటికే ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ 1860 నుంచీ ఇదే మొక్క వెంట పడి ఉన్నాడు. 1871లో మేరీ ఆయనకు ఉత్తరం రాసింది. కాలేజీ పదవి లేని ఈ ఇల్లాలికి ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. సీతాకోకచిలుకల మీద ఆమె చేసిన పరిశీలనను మంచి శాస్త్ర పత్రికలో వేయించమని కూడా ప్రోత్సహించాడు. 1875లో పురుగులు తినే మొక్కల మీద ఆయన పుస్తకం వచ్చినప్పుడు అందులో మేరీ పేరూ ఉంది.

ఆ పుస్తకానికి ఏడాది ముందే, 1874లో, భర్త నుంచి వేరుపడింది. వయసు నలభై దాటింది. ఆ కాలంలో ఒంటరి ఆడదానికి బతుకుతెరువేముంది? పత్రికలకు వ్యాసాలు రాసింది. మొక్కలు, పురుగులు సేకరించి శాస్త్రజ్ఞులకు పంపి డబ్బు తీసుకుంది. మొక్కలు చూడటమన్నది అప్పటినుంచి ఆమెకు సరదా కాదు, పొయ్యి మీదికి బియ్యం.

ఆమె చెప్పినవన్నీ నిలబడలేదు. అరంగుళం దూరంలో ఈగను గుచ్చి పెడితే ఆకు దానివైపు వంగిందని రాసింది. తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. నూగు వంగాలంటే పురుగు తాకాలి, లేదా దాని ఒంటి రసం తగలాలి. అయినా చూశాననుకున్నది దాచకుండా రాయడం నాకు నచ్చింది.

పెంచాలని ఆశపడేవాళ్లకు ఒక మాట. మనకు తెలిసిన పెంపకం దీనికి పనికిరాదు. పెంటెరువు, యూరియా వేస్తే చస్తుంది, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పోసినా అంతే. ఇసుక, బాగా కడిగిన కొబ్బరిపొట్టు కలిపి, కుండీ కింద పళ్లెంలో వాననీళ్లు ఉంచాలి. ఎండ తగలాలి. మా నస్పూర్ లాంటి బొగ్గుబాయిల ఊళ్లో అయితే ఆ జిగురాకుల మీద దుమ్ము పడకుండా చూడటమే పెద్ద పని.

1885లో ఇంటి దగ్గరి ప్రకృతి పరిశీలనల మీద మేరీ పుస్తకం వెలువడింది. అందులో సాలీళ్లు, చీమలు, పక్షులు, పురుగులు తినే మొక్కలు అన్నీ ఉన్నాయి. తొలకరికి మన ఇళ్ల ముందు పూసే రెయిన్ లిల్లీల జాతిలో ఒకదానికి, ఒక చీమకు కూడా శాస్త్రజ్ఞులు ఆమె పేరు పెట్టారు. 1923లో 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది.