గురికి కొలత నేర్పిన యంత్రశిల్పి: సర్ జోసెఫ్ విట్‌వర్త్

దూరాననున్న లక్ష్యాన్ని కొట్టడానికి నిశ్చలమైన చేయి, తీక్ష్ణమైన చూపు ఉంటే చాలునని లోకం చిరకాలం నమ్మినది. కాని వేయి గజాల దూరాన గుండు ఎక్కడ తగులుతుందన్నది తుపాకి భుజానికెత్తక ముందే చాలవరకు నిర్ణయమై ఉంటుంది. గుండు వ్యాసమెంత, పొడవెంత, బరువెంత, వెనుక కూరిన మందెంత, గొట్టం లోపలి గాడుల మెలిక ఎంత అన్న అయిదు విషయాల పొందికను బట్టి గురి కుదరడమో, చెదరడమో జరుగుతుంది. తరతరాలుగా ఊహకూ, అలవాటుకూ విడిచిపెట్టిన ఈ పొందికను కొలతకు లొంగదీసినవారిలో అగ్రగణ్యుడు సర్ జోసెఫ్ విట్‌వర్త్. ఆయన సైనికుడు కాడు. తుపాకుల వృత్తిలో పుట్టినవాడూ కాడు. మరమేకులకూ యంత్రాలకూ రూపం దిద్దిన కార్మికుడు.

విట్‌వర్త్ 1803 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని స్టాక్‌పోర్టు పట్టణంలో జన్మించినాడు. తండ్రి బడిపంతులు, క్రైస్తవ మతబోధకుడు. పదునాలుగవ యేట బాలుణ్ణి మేనమామగారి నూలుమిల్లులో పనికి పెట్టినారు. నాలుగేండ్లు ఓపికపడితే అతడు ఆ మిల్లులో భాగస్వామి కాగలిగి ఉండేవాడు. కాని అతని మనస్సు నూలు మీద నిలువక, నూలు వడికే యంత్రాల మీదికి పోయినది. ఎవరికీ చెప్పకుండా మాంచెస్టరు చేరి, ఒక కర్మాగారంలో సామాన్య పనివాడుగా కుదురుకొన్నాడు. 1825లో లండను వెళ్ళి హెన్రీ మాడ్‌స్లే, జోసెఫ్ క్లెమెంట్ మొదలైన మేటి యంత్రశిల్పుల వద్ద పనిచేసినాడు. 1833లో మాంచెస్టరుకు తిరిగివచ్చి సొంత కర్మశాల పెట్టుకొన్నాడు.

ఆయన జీవితమంతా ఒకే సూత్రం చుట్టూ తిరిగినది: సరిగా కొలవగలిగినదానినే సరిగా చేయగలము. ఆనాడు ఒక కర్మశాలలో చేసిన మరమేకు మరొక కర్మశాలలో చేసిన నట్టుకు పట్టేది కాదు. 1841లో విట్‌వర్త్ మరమేకుల గాళ్ళకు 55 డిగ్రీల కోణాన్ని నిర్ణయించి, ఒక్కొక్క లావుకు అంగుళానికి ఇన్ని చుట్లని లెక్క కట్టి, దేశమంతటికీ ఒకే పద్ధతి ప్రతిపాదించినాడు. మన ఇండ్లలో నీటిగొట్టాల మరలకు నేటికీ ఆ 55 డిగ్రీల కోణమే ఉన్నది. అంగుళంలో పదిలక్షలవ వంతు తేడాను పసిగట్టగల కొలతయంత్రాన్ని కూడ ఆయన నిర్మించినాడు.

1854లో క్రిమియా యుద్ధం వచ్చినది. ఎన్‌ఫీల్డు రైఫిళ్ళను వేలకు వేలు తయారుచేయగల యంత్రాలు కావలెనని బ్రిటిషు ప్రభుత్వం విట్‌వర్తును కోరినది. మరొకడైతే ఆ లాభానికి వెంటనే చేయి చాపేవాడే. విట్‌వర్త్ మాత్రం ఉత్తమమైన గొట్టం ఎట్లుండవలెనో తేలకముందు దానిని చేసే యంత్రాలను నిర్మించడానికి ఒప్పుకోలేదు. తన శ్రమకు ప్రతిఫలం కోరక, పరీక్షల ఖర్చు మాత్రం ప్రభుత్వం భరించవలెనన్నాడు. మాంచెస్టరు సమీపాన ఆయన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున పైకప్పుతో ఒక కాల్పుల శాల లేచినది. గాలి చొరబడి గుండును పక్కకు నెట్టకుండా చేసిన ఏర్పాటు అది. కట్టిన కొద్దికాలానికే తుపాను దానిని నేలకూల్చినది. మరల కట్టించి, 1855లో పరీక్షలు ప్రారంభించినాడు.

నాటి ఎన్‌ఫీల్డు గొట్టపు రంధ్రం వ్యాసం 0.577 అంగుళం, గుండు బరువు 530 గ్రెయిన్లు, అనగా సుమారు మూడు తులాలు. గొట్టంలోని గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. గొట్టం పొడవు 39 అంగుళాలే కనుక గుండు బయటపడేలోగా అరచుట్టు మాత్రమే తిరిగేది. విట్‌వర్త్ గుండు బరువును తగ్గించలేదు, వ్యాసాన్ని 0.451 అంగుళానికి కుదించినాడు. బరువు తగ్గక లావు తగ్గినప్పుడు పొడవు పెరగక తప్పదు. ఒకే బరువుగల రాతినీ ఈటెనూ విసిరితే, ఈటెకు గాలి ఒరిపిడి తక్కువ. పొడవాటి గుండు కూడ అట్లే తన వేగాన్ని చాలదూరం నిలుపుకొంటుంది. అయితే దానికొక చిక్కున్నది. మందంగా తిరిగే బొంగరం తూలిపడినట్లు, చాలినంత తిరుగుడు లేని పొడవు గుండు గాలిలో తలక్రిందులవుతుంది. అందుచేత ఆయన మెలికను బిగించి, 20 అంగుళాలకు ఒక పూర్తి చుట్టు పెట్టినాడు. గుండు గొట్టంలో జారిపోకుండ తిరగడానికి రంధ్రాన్ని ఆరు పలకలుగా మలచి, గుండును కూడ ఆరు పలకలుగానే చేసినాడు.

1857 ఏప్రిల్‌లో హైత్ అనే చోట రెండు తుపాకులకూ పోటీ జరిగినది. 500 గజాల దూరాన ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున 2.24 అడుగులు ఎడమైతే, విట్‌వర్తువి 0.37 అడుగు మాత్రమే ఎడమైనవి. 800 గజాల దగ్గర విట్‌వర్తువి 1 అడుగు మాత్రమే ఎడమైనవి. 1100 గజాల దగ్గర 8.04 అడుగులకు 2.62 అడుగులు. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డు లక్ష్యఫలకాన్ని తాకనే లేదు. విట్‌వర్తు సగటు ఎడము 4.62 అడుగులు. సరిగా ఆ దినాలలోనే మన దేశంలో ఎన్‌ఫీల్డు తూటాలకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూసినారన్న వార్త సిపాయిల గుండెలలో రగులుతున్నది. మే 10న మీరట్‌లో తిరుగుబాటు చెలరేగినది. ఇంగ్లండులో గురి కుదరక ఓడిన తుపాకియే ఇక్కడ ఒక సామ్రాజ్యపు పునాదులను కదలించడానికి నిమిత్తమైనది.

ఇంతటి విజయం పొందినా ప్రభుత్వం విట్‌వర్తు రైఫిలును సైన్యానికి స్వీకరించలేదు. యుద్ధానికి రంధ్రం మరీ సన్నమన్నారు. నల్లమందు మసి పట్టితే గుండు దిగడం కష్టమన్నారు. ఎన్‌ఫీల్డుతో పోలిస్తే వెల కొన్ని రెట్లు ఎక్కువ. ఈ ఆక్షేపణలను కేవలం అసూయ అని తోసివేయడానికి వీలులేదు. తీరికగా గొట్టం తుడుచుకొని కాల్చే పోటీదారునికి ఉన్న సౌకర్యం పోరు నడుమనున్న సిపాయికి లేదు. అంగుళంలో పదిలక్షలవ వంతును కొలిచిన మహాశిల్పికి ఈ మసి, ఈ తొందర, ఈ వెల కూడ కొలతలోకి రావలసినవేనన్న సంగతి అంతగా రుచించినట్లు లేదు.

పోటీకాల్పుల రంగంలో మాత్రం ఆయనకు పట్టాభిషేకమే జరిగినది. 1860 జూలై 2న వింబుల్డన్‌లో జాతీయ రైఫిల్ సంఘపు తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినది. ఇనుప పీఠం మీద బిగించిన విట్‌వర్తు రైఫిలుతో ఆమె పేల్చిన మొదటి గుండు 400 గజాల దూరాన లక్ష్యబిందువుకు అంగుళంపావు దూరంలో తగిలినది. ఆ తరువాత అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల గురికాండ్రు కొందరు ఈ రైఫిలునే పట్టినారు. 1864 మే 9న ఉత్తర సైన్యాధిపతి సెడ్జ్‌విక్ వందల గజాల దూరం నుండి వచ్చిన ఇటువంటి గుండుకే కూలినాడని ప్రతీతి. నేర్పుగా చేసిన పనిముట్టు మంచిచెడ్డలను తానుగా ఎంచుకోదు గదా!

వేటగాండ్ర అవసరం వేరు. పోటీలో దూరం ముందే తెలుసు. కనుక గుండు ఎంత వంపుగా పోయినా దృష్టిఫలకాన్ని అందుకు సరిపెట్టవచ్చును. కొండచరియన నిలిచిన దుప్పి తన దూరం చెప్పదు. ఆ దూరాన్ని కంటితో అంచనా కట్టవలసిన వేటగానికి, వంపు తక్కువగా దూసుకుపోయే గుండు మేలు. అందుచేత అనేకులు తేలికగుండు, ఎక్కువ మందుగల ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళను ఆశ్రయించినారు. అవి దగ్గరలో చురుకైనవే గాని, దూరం పెరిగినకొద్దీ వాటి వేగం త్వరగా సన్నగిలేది. దూరపు గురికీ దగ్గరి వేటకూ ఒకే తూటా సమానంగా సరిపోదన్న సత్యం ఆనాడే స్పష్టమైనది.

కాలక్రమాన ఆరుపలకల రంధ్రం అనవసరమని తేలినది. విలియం మెట్‌ఫర్డ్ అనే మరొక యంత్రవేత్త లోతులేని గాడులతోను, గుండ్రని గట్టి గుండుతోను అంతటి గురినే సాధించినాడు. విట్‌వర్తు రూపం పోయినది, సూత్రం నిలిచినది. 1871లో సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలు వ్యాసం 0.45 అంగుళం, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. సన్నమని త్రోసిపుచ్చిన కొలతకే ప్రభుత్వం తిరిగివచ్చినది. ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే 0.303 అంగుళపు రైఫిలు వచ్చినది. 2007లో వెలువడి దూరపు పోటీలలోను, వేటలోను పేరుపొందిన 6.5 క్రీడ్‌మూర్ తూటా కూడ సన్నని పొడవాటి గుండు, బిగువైన మెలిక అన్న పాత సూత్రాన్నే అనుసరించినది.

1857లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1869లో బారొనెట్ బిరుదము ఆయనను వరించినవి. కాని వీటికంటె గొప్పది 1868లో ఆయన చేసిన విద్యాదానం. యంత్రవిద్య నేర్వగోరే యువకుల కొరకు ఏటా నూరు పౌండ్ల చొప్పున ముప్పది వేతనాలను నెలకొల్పినాడు. చేతిపని తెలిసినవానికి శాస్త్రమూ, శాస్త్రం చదివినవానికి చేతిపనీ అలవడవలెనని ఆయన ఆశయం. 1887 జనవరి 22న మాంటెకార్లోలో కన్నుమూసినాడు. యావదాస్తిలో పెద్దభాగం విద్యకూ, ప్రజోపకారానికీ చెందినది.

ఆయన పేరిటి రైఫిళ్ళు నేడు ప్రదర్శనశాలలలో కనిపిస్తవి. ఆయన పేరిటి వేతనాలు మాత్రం నేటికీ విద్యార్థులకు అందుతూనే ఉన్నవి. మిల్లు విడిచి పారిపోయిన పదునెనిమిదేండ్ల పిల్లవాడు, తనవంటి పిల్లలకోసం గురిచూసి వేసిన ఆ గుండు నూటయాభై యేండ్లు దాటినా లక్ష్యాన్ని తప్పలేదు.