కోకిలమ్మ రాయబారం

మొన్న బళ్ళో వేషాల పోటీకి మా అమ్మాయి సరోజినీ నాయుడు వేషం కట్టింది. జడకి పూలు తురుముతుంటే, ఈవిడ ఏం చేసిందో చెప్పమంది. భారత కోకిల అన్నాను. అయితే పాటలు పాడేదా అని అడిగింది. నాకూ అంతకు మించి తెలీదని అప్పుడర్థమైంది. ఉండి కాలవ గట్టున నడుస్తూ కూడా అదే ఆలోచన. చివరికి పుస్తకాలు తెచ్చుకుని చదివాను.

ఆవిడ 1879లో హైదరాబాదులో బెంగాలీల ఇంట పుట్టారు. లండన్‌లో, కేంబ్రిడ్జిలో చదివారు. 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని కులాంతర వివాహం చేసుకుని తెలుగింటి కోడలయ్యారు. ఆ పెళ్ళి జరిపించింది మన గోదావరి మనిషి వీరేశలింగం పంతులుగారే!

1927లో కాథరిన్ మేయో అనే అమెరికా ఆవిడ 'మదర్ ఇండియా' అని పుస్తకం రాసింది. మన బాల్యవివాహాల్నీ, ఆడవాళ్ళ అవస్థల్నీ ఎత్తిచూపి, వీళ్ళకి స్వరాజ్యం తగదని తేల్చింది. మరుసటేడు సైమన్ కమిషన్ వస్తే దేశమంతా నల్లజెండాలు. మనకీ దొరలకీ ఉప్పూ నిప్పూగా ఉన్న ఆ 1928లోనే సరోజిని అమెరికా ప్రయాణం కట్టారు. వెనక ప్రభుత్వం లేదు, సైన్యం లేదు. ఉన్నదల్లా మాట, కవిత్వం. నెలల తరబడి ఊరూరా తిరిగి మన స్త్రీల గురించి, గాంధీగారి గురించి చెప్పారు. ఆ పుస్తకాన్ని తిట్టడమే పనిగా పెట్టుకోలేదు. అక్కడి నల్లజాతి వారి బాధలు కూడా విని గాంధీగారికి ఉత్తరాలు రాశారు.

నిజం చెప్పొద్దూ, ఇది చదువుతుంటే మనసులో ముల్లు గుచ్చుకుంది. మా తాతమ్మకి ఎనిమిదో ఏటే పెళ్ళయింది. మేయో ఉద్దేశం చెడ్డదే, కానీ మనింటి బూజు అబద్ధం కాదు కదా! పరాయి వాళ్ళ ముందు పరువు నిలుపుకోవాలి, ఇల్లూ దులుపుకోవాలి. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు కనీసం 14 చేసింది. అది కావాలని పట్టుబట్టిన వాళ్ళలో మన మహిళా సంఘాలు ముందున్నాయి.

1947 మార్చిలో ఢిల్లీ పురానా ఖిలాలో ఆసియా దేశాల సమావేశం జరిగింది. ఇంకా స్వతంత్రం రాలేదు. పంజాబు మతకల్లోలాలతో మండుతోంది. అయినా ఇరుగుపొరుగు దేశాల వాళ్ళని పిలిచి కూర్చోబెట్టిన ఆ సభకి అధ్యక్షురాలు ఆవిడే. తర్వాత ఉత్తరప్రదేశానికి తొలి గవర్నరై, 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

పోటీలో మా పిల్లకి బహుమతి రాలేదు. కానీ స్టేజీ మీద కోకిల అని మాత్రం అనలేదు. దేశం తరఫున మాట్లాడడానికి ఓడెక్కి వెళ్ళిన అమ్మని అని చెప్పింది. నాకది చాలు.